ఆందోళన మందులు, సప్లిమెంట్లు: మొదలుపెట్టే ముందే మానే దారి చూసుకోండి

ఆందోళనకు మందు కావాలని వచ్చేవారు దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే: "ఇది ఎంతసేపట్లో పనిచేస్తుంది?" గుండె దడదడలాడుతూ, అరచేతులు చెమట పడుతూ, రాత్రుళ్లు కన్ను మూతపడని మనిషికి ఆ సమయంలో ఇంకో ప్రశ్న తోచదు. అందులో తప్పేమీ లేదు. అయితే హైదరాబాద్‌లో మందుల దుకాణం కౌంటరు వెనక ఏళ్లుగా నిలబడి చూస్తున్న ఫార్మసిస్టుగా నేను రెండో ప్రశ్న కూడా అడగమని బతిమాలుతుంటాను: "దీన్ని మానాల్సి వచ్చినప్పుడు ఎలా మానాలి?" ఎందుకంటే చాలాసార్లు అరగంటలో హాయినిచ్చే మందే మనిషిని పట్టుకుని వదలదు. నెల రోజులు ఓపిక పట్టమనే మందు పోయేటప్పుడు అంత గొడవ చేయదు. ఈ లెక్క తెలియకుండా మొదలుపెట్టినవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడుతున్నారు.

ఇప్పటికే ఏదో ఒక మాత్ర రోజూ వేసుకుంటున్నవారు ఒక్క మాట ముందుగా గుర్తుపెట్టుకోండి. కింద చదివినదానికి భయపడి ఈ రాత్రి నుంచే మాత్ర ఆపేయకండి. కొన్ని మందులను ఒక్కసారిగా ఆపడం, వాటిని వేసుకుంటూ ఉండటం కన్నా ప్రమాదకరం. మీ మందు గురించి డాక్టరుతో మాట్లాడటానికి ఏమి అడగాలో తెలుసుకోవడానికే ఇది చదవండి.

ఇంకో సంగతి కూడా తేల్చుకుందాం. ఒళ్లు మందుకు అలవాటుపడటం వేరు, వ్యసనం వేరు. డాక్టరు రాసిన మోతాదును రాసినట్టే వేసుకున్న అరవై ఏళ్ల టీచరమ్మకు కూడా కొన్ని వారాల్లో ఒళ్లు అలవాటుపడవచ్చు. మానితే వణుకు రావచ్చు. అందులో ఆమె తప్పేమీ లేదు, సిగ్గుపడాల్సింది అంతకన్నా లేదు. మోతాదు తనంతట తాను పెంచుకుంటూ, ఒక షాపులో ఇవ్వకపోతే ఇంకో షాపుకు వెళుతూ, నష్టం జరుగుతోందని తెలిసినా ఆగలేకపోతే అప్పుడది వ్యసనం. కొన్ని మందులతో మొదటిది మాత్రమే వస్తుంది. కొన్నింటితో రెండూ రావచ్చు. మందుల మధ్య పోలిక ఇక్కడి నుంచే మొదలవ్వాలి.

అరగంటలో పనిచేసేవి

అల్ప్రజోలం, క్లోనజెపామ్, లోరాజెపామ్, డయజెపామ్, క్లోర్‌డయజెపాక్సైడ్. వీటిని బెంజోడయజెపైన్లు అంటారు. ఎటిజోలం అనేది రసాయనపరంగా కొంచెం వేరైనా పనితీరులో వీటి తమ్ముడే. ఈ కుటుంబంలో మొదటిదైన క్లోర్‌డయజెపాక్సైడ్ 1960లో, డయజెపామ్ 1963లో మార్కెట్లోకి వచ్చాయి. అంతకుముందు వాడిన బార్బిట్యురేట్లు అనే మత్తుమందుల కన్నా ఇవి క్షేమమైనవే కావడంతో దశాబ్దాల పాటు ప్రపంచమంతా ధారాళంగా రాసేశారు. అలవాటు సమస్య ఎంత పెద్దదో అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడవద్దని బ్రిటన్ 1988లోనే వైద్యులకు సూచించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఈ మందులన్నింటి మీదా అలవాటు, వ్యసనం, విత్‌డ్రాయల్ (మందు ఆపినప్పుడు ఒంటికి వచ్చే బాధలు) గురించి అత్యున్నత స్థాయి హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది.

మెదడులో గాబా అనే రసాయనం ఉంటుంది. అది నరాల ఉద్రేకానికి బ్రేకులాంటిది. ఈ మందులు ఆ బ్రేకును మరింత గట్టిగా నొక్కుతాయి, అందుకే అంత త్వరగా హాయి. కానీ రోజూ ఎవరో బ్రేకు నొక్కుతూనే ఉంటే మెదడు ఊరుకోదు, తన వైపు నుంచి యాక్సిలరేటర్ పెంచుకుంటుంది. ఒకరోజు హఠాత్తుగా మాత్ర ఆపేస్తే బ్రేకు పోతుంది, పెంచుకున్న వేగం మాత్రం మిగులుతుంది. దాని ఫలితమే నిద్రలేమి, వణుకు, చెమటలు, చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం, మొదట ఉన్నదానికి రెట్టింపు ఆందోళన. ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడినవారికి ఫిట్స్ రావచ్చు, మతి భ్రమించి లేనివి కనబడవచ్చు. మామూలు ఆందోళన మందుల్లో ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రాగలవి ప్రధానంగా ఇవే.

ఈ కుటుంబంలోనూ అన్నీ ఒక్కలాంటివి కావు. ఒంట్లో చేరిన మందులో సగం బయటికి పోవడానికి ఎటిజోలంకు మూడు నాలుగు గంటలు, అల్ప్రజోలంకు సుమారు 11 గంటలు, లోరాజెపామ్‌కు 10 నుంచి 20 గంటలు, క్లోనజెపామ్‌కు 30 నుంచి 40 గంటలు పడుతుంది. డయజెపామ్, దాని నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థాలు కలిసి రోజుల తరబడి ఉంటాయి. త్వరగా ఒంట్లోంచి జారిపోయే మందు మానేటప్పుడు ఎక్కువ బాధపెడుతుంది. అంతేకాదు, వాడుతున్న రోజుల్లోనే బాధపెడుతుంది. రాత్రి అల్ప్రజోలం వేసుకునేవారిలో కొందరికి తెల్లవారుజామున గుండె దడ, కడుపులో తిప్పినట్టు ఉండటం, ఏదో జరిగిపోతుందనే భయం కలుగుతాయి. జబ్బు ముదిరిందని అనుకుని పొద్దున కూడా ఒక మాత్ర వేసుకోవడం మొదలుపెడతారు. నిజానికి చాలాసార్లు అది రాత్రి వేసుకున్న మందు దిగిపోతున్న లక్షణం. దడ మొదలైన సమయాన్ని నాలుగు రోజులు కాగితం మీద రాసుకుని డాక్టరుకు చూపిస్తే ఆయన వెంటనే పోల్చుకుంటారు.

మిల్లీగ్రాముల అంకె చూసి కూడా చాలామంది మోసపోతారు. "పాయింట్ అయిదే కదండీ, పిల్లలకిచ్చే డోసు" అంటారు. అల్ప్రజోలం 0.5 మిల్లీగ్రాములు, క్లోనజెపామ్ 0.5 మిల్లీగ్రాములు సుమారుగా 10 మిల్లీగ్రాముల డయజెపామ్‌తో సమానమని విత్‌డ్రాయల్ వైద్యంలో విస్తృతంగా వాడే పట్టిక చెబుతుంది. అంటే ఆ చిన్న తెల్ల బిళ్ల చిన్న మందు కాదు.

ఇది పుస్తకాల్లో చదివే భయం మాత్రమే కాదని తెలంగాణవాళ్లకు చెప్పనక్కర్లేదు. మన కల్లు కాంపౌండ్లలో కల్తీకి కలిపేది ముఖ్యంగా ఈ అల్ప్రజోలం, డయజెపామ్‌లే. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద ఒక్కసారిగా విరుచుకుపడినప్పుడు నిజామాబాద్, మెదక్ వైపు వందలాది మంది వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో ఆస్పత్రులకు చేరారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికీ బారులు తీరారు. వాళ్లు తాగింది కల్లే అనుకున్నారు. ఒళ్లు అలవాటుపడింది మాత్రం బిళ్లకు. ఆ కూలీ మనుషులకు జరిగిందే, మోతాదు తక్కువ కావచ్చు గానీ, మాదాపూర్‌లో ఏసీ గదిలో కూర్చుని రోజూ రాత్రి అదే బిళ్ల మింగే ఉద్యోగికీ జరుగుతుంది. మెదడు మనిషి హోదా చూడదు.

అయితే ఈ మందులు చెడ్డవని నేను అనడం లేదు. పానిక్ అటాక్‌లతో ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్న మనిషికి, ఇంట్లో హఠాత్తుగా చావు జరిగి నాలుగు రాత్రులు నిద్ర లేని మనిషికి, నెమ్మదిగా పనిచేసే మందు అందుకునేదాకా మొదటి రెండు మూడు వారాలు నిలబెట్టడానికి వీటికి సాటి లేదు. ఫిట్స్ ఆపడానికి, మద్యం మానేవారిని క్షేమంగా ఒడ్డుకు చేర్చడానికి కూడా ఇవే దిక్కు. ఆపే తేదీ రాయకుండా మొదలుపెట్టడమే చెడ్డది. చీటీ మీద "రెండు వారాలు" అని డాక్టరు రాస్తే, ఆ చీటీనే ఆరు నెలలు తిప్పుతూ కొనుక్కోవడం ఇంకా చెడ్డది. అల్ప్రజోలం, డయజెపామ్, క్లోర్‌డయజెపాక్సైడ్, నిట్రజెపామ్, జోల్‌పిడెమ్‌లను 2014 మార్చి 1 నుంచి హెచ్1 షెడ్యూల్ కింద అమ్ముతున్నాం. డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన మాత్రల సంఖ్య రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉండేది అందుకే. "ఎప్పుడూ తీసుకెళ్లేదే కదా, ఒక్క స్ట్రిప్ ఇవ్వన్నా" అని అడిగినప్పుడు ఏ షాపులోనైనా కాదంటే, వాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. మీ మేలు కోరే మనిషి అక్కడ ఉన్నాడని అర్థం.

గ్యాస్ మాత్రలో, కాంబినేషన్ మాత్రలో దాగినవి

ఒక పెద్దావిడ ఖాళీ స్ట్రిప్ ముక్క తెచ్చి కౌంటరు మీద పెట్టారు. "బాబూ, ఈ గ్యాస్ బిళ్ల ఒక్కపూట మానితే చాలు, చేతులు వణికిపోతున్నాయి, రాత్రంతా నిద్ర లేదు. గ్యాసుకు ఇంత ఉంటుందా?" స్ట్రిప్ వెనక సన్నటి అక్షరాలు వెలుతురుకు పెట్టి చూశాను. క్లిడినియం 2.5, డైసైక్లోమిన్ 10, వాటితో పాటు క్లోర్‌డయజెపాక్సైడ్ 5 మిల్లీగ్రాములు. "అమ్మా, ఇందులో కడుపు మందుతో పాటు నరాలను నెమ్మదింపజేసే మందు కూడా ఉంది. ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు?" అని అడిగితే, "మనవడు పుట్టినప్పటి నుంచి" అన్నారు. ఆ మనవడు అప్పటికి బడికి వెళుతున్నాడు. కడుపు పట్టేసినట్టుంటే వారం పది రోజులకు రాసిన మాత్ర అది. ఆందోళన మందు వేసుకుంటున్నానని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి కలయికలు మన దగ్గర చాలా ఉన్నాయి. నెమ్మదిగా పనిచేసే ఎస్సిటలోప్రామ్‌తో క్లోనజెపామ్, ఎస్సిటలోప్రామ్‌తో ఎటిజోలం, గుండె దడ తగ్గించే ప్రొప్రనలాల్‌తో అల్ప్రజోలం లేదా ఎటిజోలం. ఒకే మాత్రలో రెండూ ఉంటే వేసుకోవడం సులువు, ధర కూడా కలిసివస్తుంది. కానీ మానే దారి మూసుకుపోతుంది. ఎస్సిటలోప్రామ్ ఏడాది వాడాల్సి ఉంటుంది, క్లోనజెపామ్ మూడు నాలుగు వారాల్లో ఆపాలి. రెండూ ఒకే బిళ్లలో ఉంటే ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని కొనసాగించలేరు. తగ్గించాలని సగం విరిస్తే రెండూ సగమవుతాయి. అందుకే నా గట్టి సలహా: డాక్టరు రెండు మందులూ అవసరమంటే "డాక్టరు గారూ, వీటిని విడివిడి మాత్రలుగా రాస్తారా? రెండోది ఏ తేదీకి ఆపాలి?" అని అడగండి. మంచి డాక్టరు ఎవరూ ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. ఇంటికెళ్లి స్ట్రిప్ వెనక చూడండి, పేరులో చివర జెపామ్, జోలం అని ఉన్నది ఏది కనబడినా ఈ కుటుంబమే అనుకుని అడగండి.

నెల రోజులు ఓపిక అడిగేవి

రోజూ ఉండే ఆందోళనకు, మళ్లీ మళ్లీ వచ్చే పానిక్‌కు ప్రపంచవ్యాప్తంగా వైద్యులు మొదట రాసేది ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే మందులు ఇవి. ఫలితం కనబడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం పది రోజులు ఆందోళన కొంచెం పెరగవచ్చు, వికారం ఉండవచ్చు. ఈ మాట ముందుగా చెప్పకపోవడం వల్లే చాలామంది అయిదో రోజున "ఇది పడలేదు" అని ఆపేస్తారు. చాలామందికి లైంగిక ఆసక్తి తగ్గుతుంది. వయసు పైబడినవారికి రక్తంలో సోడియం పడిపోవచ్చు. ఈ ఇబ్బందులను దాచాల్సిన పని లేదు.

ఇక మానేటప్పటి సంగతి. ఇవి కావాలని మనసు పీకదు, మోతాదు పెంచుకుంటూ పోవాలనిపించదు. కానీ ఒళ్లు మాత్రం అలవాటుపడుతుంది. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, వికారం, చిరాకు, విచిత్రమైన కలలు, తల తిప్పినప్పుడు మెదడులో కరెంటు షాక్ కొట్టినట్టు ఉండటం లాంటివి వస్తాయి. 2024లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, ఈ తరహా మందులు మానినవారిలో సుమారు 31 శాతం మందికి ఏదో ఒక లక్షణం కనిపించింది. ఉత్తుత్తి మాత్ర మానినవారిలోనూ 17 శాతం మందికి కనిపించింది. అంటే మందు వల్లనే వచ్చినవి సుమారు ఆరేడుగురిలో ఒకరికి. తీవ్రంగా బాధపడినవారు సుమారు 35 మందిలో ఒకరు. ఏళ్ల తరబడి వాడినవారికి ఇంకా ఎక్కువ ఇబ్బంది ఉండవచ్చని వాదించే పరిశోధకులూ ఉన్నారు. వాళ్ల వాదనలో బలం ఉందనే నేను అనుకుంటాను, ఎందుకంటే ఆ విశ్లేషణలోని అధ్యయనాలు ఎక్కువగా కొద్ది నెలల వాడకం మీద జరిగినవి.

ఈ మందుల్లోనూ తేడాలున్నాయి. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ మానేటప్పుడు బాగా ఇబ్బంది పెడతాయి. ఒక్కరోజు మాత్ర మరిచిపోతేనే తల తిరిగే వాళ్లున్నారు. డులోక్సెటిన్ కూడా వాటికి దగ్గరే. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ మధ్యస్థం. ఫ్లుఓక్సెటిన్ ఒంట్లోంచి వారాల పాటు మెల్లగా దిగుతుంది కాబట్టి మానడం అన్నింటికన్నా తేలిక. మాత్ర వేళకు వేసుకోవడం అలవాటు లేని మనిషైతే, తరచూ ఊళ్లు తిరుగుతూ మందు మరిచిపోయే మనిషైతే, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. ఎంపిక మారవచ్చు.

"రోజు విడిచి రోజు వేసుకుని మానేయండి" అనే సలహా ఇప్పటికీ వినబడుతోంది. ఫ్లుఓక్సెటిన్‌కు అది నడుస్తుందేమో గానీ పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటివాటికి అది ఒంటిని ఊయలలూపడమే. రోజూ వేసుకుంటూ మోతాదే తగ్గించాలి. పైగా 20 నుంచి 10కి రావడం సులువు, 5 నుంచి సున్నాకు రావడమే కష్టం. మోతాదు సగమైనంత మాత్రాన మెదడు మీద మందు ప్రభావం సగం కాదు. చాలా చిన్న మోతాదు కూడా గణనీయంగా పనిచేస్తూనే ఉంటుంది. అందుకే చివరి భాగాన్ని మరీ చిన్న చిన్న మోతాదులుగా, తీరిగ్గా దించాలని 2019 నుంచి మానసిక వైద్యంలో గట్టిగా చెబుతున్నారు.

మానిన తర్వాత వచ్చిన బాధ మందు పోయినందువల్లనా, జబ్బు తిరిగి వచ్చినందువల్లనా? ఆపిన రెండు మూడు రోజుల్లోనే మొదలై, ఇంతకుముందు ఎన్నడూ లేని షాకులు, తల తిరగడం లాంటివి కలిసి వచ్చి, మళ్లీ మాత్ర వేసుకోగానే ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటే అది విత్‌డ్రాయల్. వారాలు నెలలు గడిచాక పాత దిగులు పాత పద్ధతిలోనే మెల్లగా వస్తే అది జబ్బు. ఈ తేడా తెలియక "మందు లేకపోతే నేను బతకలేను" అని తీర్మానించుకున్నవారిని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మధ్యలో ఉన్నవి

బస్పిరోన్ అనే ఆందోళన మందుకు మన దగ్గర దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. అలవాటు కాదు, మత్తు లేదు, మానేటప్పుడు గొడవ దాదాపు లేదు. రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలి, రోజుకు రెండు మూడుసార్లు వేసుకోవాలి, పానిక్‌కు పెద్దగా పనికిరాదు. ఒక జాగ్రత్త ఉంది. అల్ప్రజోలం ఆపేసి దాని బదులు ఇది వేసుకుంటే విత్‌డ్రాయల్ ఆగదు. రెండింటి దారులు వేరు.

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల పిల్లల్లో ఇంటర్వ్యూ ముందు వేసుకునే మాత్రగా ప్రొప్రనలాల్ పేరు బాగా తిరుగుతోంది. గుండె దడ, చేతుల వణుకు తగ్గిస్తుంది. మనసులోని భయాన్ని ముట్టుకోదు. అప్పుడప్పుడు వేసుకుంటే అలవాటు కాదు. కానీ ఆస్తమా ఉన్నవారికి ఇది పనికిరాదు, ఊపిరి బిగుసుకుపోతుంది. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవారికి షుగరు పడిపోయినప్పుడు వచ్చే దడను ఇది కప్పేస్తుంది. రోజూ వాడి హఠాత్తుగా ఆపితే గుండె వేగం ఎగదన్నుతుంది, గుండె జబ్బు ఉన్నవారికి ఛాతీ నొప్పి రావచ్చు. కాబట్టి స్నేహితుడి స్ట్రిప్ లోంచి ఒకటి తీసుకునే మందు కాదు. ఎప్పుడైనా వాడాల్సి వస్తే డాక్టరు చెప్పిన మోతాదును మొదట ఇంటి దగ్గర ఒక మామూలు రోజున వేసుకుని చూడాలి, ఇంటర్వ్యూ రోజున కాదు.

హైడ్రాక్సిజిన్ దురదకు వాడే మందే, ఆందోళనకూ కొద్దికాలం ఇస్తారు. అలవాటు కాదు గానీ మత్తు ఎక్కువ, గుండె లయ సమస్య ఉన్నవారికి తగదు. నరాల నొప్పికి వాడే ప్రిగాబలిన్ విషయంలో మాత్రం మన ఊళ్లో అజాగ్రత్త ఎక్కువ. మిథైల్‌కోబాలమిన్ అనే బి12 విటమిన్‌తో కలిపి "నరాల బలానికి" అని ఏళ్ల తరబడి వాడేవారు ఎంతోమంది. ఐరోపాలో దీన్ని ఆందోళన మందుగానూ అనుమతించారు, బాగా పనిచేస్తుంది కూడా. కానీ దుర్వినియోగం పెరిగి బ్రిటన్ 2019లో దీన్ని నియంత్రిత మందుల జాబితాలో చేర్చింది. మానాల్సి వస్తే కనీసం వారం, దీర్ఘకాలం వాడినవారైతే అంతకు చాలా ఎక్కువ సమయం తీసుకుని తగ్గించాలి.

"ఇది మూలిక కదా, ఏమీ కాదు"

ఈ మాట నన్ను అన్నింటికన్నా కలవరపెడుతుంది. సప్లిమెంట్లన్నింటినీ ఒక గంపలో వేసి మంచివనీ, చెడ్డవనీ చెప్పలేం.

అశ్వగంధ, అంటే మన పెన్నేరుగడ్డ, ఒత్తిడిని కొంతవరకు తగ్గిస్తుందని చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. మానితే తీవ్ర విత్‌డ్రాయల్ వస్తుందనే ఆధారం లేదు. అయితే అధ్యయనాలు ఎక్కువగా రెండు మూడు నెలలవే. కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి, థైరాయిడ్ హార్మోన్లు పెరగవచ్చు, గర్భిణులు వాడకూడదు. డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది. థైరాయిడ్ మాత్ర వేసుకుంటూ డాక్టరుకు చెప్పకుండా అశ్వగంధ వాడేవారు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపి కాలేయ పరీక్ష చేయించుకోవాలి.

మెగ్నీషియం, ఎల్-థియనిన్‌లతో అలవాటు సమస్య కనబడలేదు, ప్రయోజనం కూడా పరిమితమే. కిడ్నీ జబ్బు ఉన్నవారు మెగ్నీషియం జోలికి పోకూడదు. వాలేరియన్ వేరును చాలా ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి వాడి ఆపిన ఒక రోగికి విత్‌డ్రాయల్ లాంటి స్థితి వచ్చిందని 1998లో ఒక వైద్య నివేదిక వచ్చింది. ఒక్క కేసుతో భయపడనక్కర్లేదు గానీ నిద్రమాత్రలతో కలిపి వాడవద్దు. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలికను ఎస్సిటలోప్రామ్ లాంటివాటితో కలిపితే సెరటోనిన్ ప్రమాదకర స్థాయికి పెరగవచ్చు. గర్భనిరోధక మాత్రల పనినీ అది చెడగొడుతుంది.

అసలు ప్రమాదం ఫెనిబట్. 1960లలో సోవియట్ యూనియన్‌లో తయారైన మందు ఇది, రష్యాలో ఇప్పటికీ మందుగానే రాస్తారు. ఇతర దేశాల్లో ఆన్‌లైన్‌లో "ప్రశాంతత", "ఏకాగ్రత" పేరుతో సప్లిమెంట్ డబ్బాల్లో అమ్ముతారు. గాబా వ్యవస్థ మీదే పనిచేస్తుంది. రోజూ వాడితే చాలా త్వరగా మోతాదు పెరిగిపోతుంది. ఆపితే నిద్ర పూర్తిగా పోవడం, లేనివి కనబడటం, మతి చలించడం దాకా వెళ్లవచ్చు. టియానెప్టిన్ అనే ఇంకో పదార్థం ఎక్కువ మోతాదులో నల్లమందు తరహా అలవాటు తెస్తుంది. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసుల్లో సప్లిమెంట్ డబ్బాలు వచ్చే ఊరు మనది. ఎంత ప్రేమతో తెచ్చినా, లేబుల్ మీద ఈ రెండు పేర్లుంటే తెరవకండి. ఇక ఏ పేరూ లేకుండా "నూటికి నూరుశాతం సహజం, ఒక్క రాత్రిలో నిద్ర" అని అమ్మే పొడుల్లో అసలైన నిద్రమందులు కలిపి దొరికిన సందర్భాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. మూలిక ఏదైనా తొలి రాత్రే మొద్దు నిద్ర పుట్టిస్తే సంతోషించకుండా అనుమానించండి.

ఎవరికి ఏది

ఇక్కడ చెప్పేది నా అభిప్రాయం. చివరి మాట మీ డాక్టరుది.

ఏ మందైనా మొదలుపెట్టే ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. రోజుకు ఎన్ని ఇరానీ చాయ్‌లు, కాఫీలు పడుతున్నాయో లెక్కపెట్టండి. రాత్రి షిఫ్టులో నాలుగైదు కప్పులు తాగి, పొద్దున నిద్రకు మాత్ర వేసుకునేవారు ముందు కప్పులు తగ్గించాలి, అది కూడా మెల్లగా. కాఫీని ఒక్కరోజులో మానినా తలనొప్పి, చిరాకు వస్తాయి.

ఎప్పుడో ఒకసారి వేదిక ఎక్కే భయమే సమస్య అయితే రోజువారీ మందు అక్కర్లేదు. ఆస్తమా, గుండె సమస్య లేకపోతే ప్రొప్రనలాల్ గురించి డాక్టరును అడగవచ్చు. అల్ప్రజోలం మాత్రం వద్దు, జ్ఞాపకశక్తిని మందగింపజేసే మందును పరీక్ష రోజున వేసుకోవడం ఎవరికీ మేలు కాదు.

నెలల తరబడి రోజూ దిగులు, పానిక్ ఉంటే నా ఓటు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్సకు. పన్నెండు పదహారు సిట్టింగుల పని, ఖర్చూ సమయమూ ఉంటాయి. కానీ మానేటప్పుడు విత్‌డ్రాయల్ అనే మాటే లేని చికిత్స ఇది, నేర్చుకున్నది మీ దగ్గరే ఉంటుంది. దానితో పాటు లేదా దాని బదులు మందు కావాలంటే ఎస్సిటలోప్రామ్ లేదా సెర్ట్రలిన్. పానిక్ లేని ఎడతెగని దిగులైతే బస్పిరోన్ గురించీ అడగండి. బెంజోడయజెపైన్ అవసరమైతే విడి మాత్రగా, ఆపే తేదీతో.

అరవై అయిదు దాటినవారికి బెంజోడయజెపైన్లు కొత్తగా మొదలుపెట్టకపోవడమే మంచిది. రాత్రి బాత్రూముకు లేచి పడి తుంటి ఎముక విరిగితే ఇల్లంతా కుదేలవుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా ఏదీ మొదలుపెట్టకూడదు, ఆపకూడదు. చివరి నెలల్లో వాడిన మందుల విత్‌డ్రాయల్ పుట్టిన బిడ్డకూ రావచ్చు. మద్యం అలవాటు ఉన్నవారికి, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు వాడేవారికి బెంజోడయజెపైన్లు, ప్రిగాబలిన్ ఊపిరి ఆపేయగలవు. ఎంత తాగుతారో డాక్టరుకు నిజం చెప్పండి. ఆ గదిలో పరువు ప్రాణం కన్నా ఎక్కువ కాదు.

ఇప్పటికే ఏళ్లుగా బెంజోడయజెపైన్లు వాడుతుంటే

తొందరపడకండి. 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రెండు నుంచి నాలుగు వారాలకోసారి అప్పటి మోతాదులో 5 నుంచి 10 శాతం తగ్గించడంతో మొదలుపెట్టాలి. రెండు వారాల్లో 25 శాతానికి మించి తగ్గించకూడదు. అంటే నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. అల్ప్రజోలం, ఎటిజోలం వాడేవారిని కొందరు డాక్టర్లు ముందు క్లోనజెపామ్‌కో డయజెపామ్‌కో మార్చి, ఆ తర్వాత తగ్గిస్తారు. ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ఎత్తుపల్లాలు తక్కువ. మెల్లగా విడుదలయ్యే రకం మాత్రలను మాత్రం విరవకూడదు, విరిస్తే మందంతా ఒకేసారి దిగుతుంది. బాధ ఎక్కువైతే వెనక్కి పెంచకుండా, అదే మోతాదు మీద ఇంకొన్ని వారాలు ఆగమని చాలాసార్లు చెబుతారు. ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఆ రోజుల్లో మనిషి చిరాకు పడటం, ఏడవటం స్వభావం కాదు. "ఇన్నాళ్లు వాడావు, ఒక్క బిళ్ల మానలేవా?" అనే మాట ఆ సమయంలో అనకండి.

బయటికి చెప్పుకోలేనివారు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ ఇది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఖర్చు పెట్టలేనివారికి ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది. అక్కడికి వెళ్లడానికి పేరు చూసి జంకేవాళ్లున్నారు. ఈ సమస్యను అక్కడ చూసినంతగా ఇంకెక్కడా చూసి ఉండరు.

ఊరికి వెళ్లేటప్పుడు మాత్రలు చేతి సంచిలో పెట్టుకోండి, సామానులో కాదు. దానితో పాటు చీటీ ఫొటో ఫోనులో ఉంచుకోండి. మాత్ర ఆపిన తర్వాత రోజుల్లో ఫిట్స్ వచ్చినా, లేనివి కనబడుతున్నాయని, వినబడుతున్నాయని మనిషి అన్నా, జ్వరంతో పాటు ఒళ్లంతా వణుకుతూ మాట తడబడినా, చనిపోవాలనిపిస్తోందని అన్నా తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోను చేసి, ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పుడు ఆపారో అంబులెన్సులో వచ్చినవారికి చెప్పండి. ఖాళీ స్ట్రిప్ ఉంటే దాన్ని చేతికివ్వండి.